తుమ్మెదకు తగిన కేబుల్

ఆ శనివారం పొద్దున హీనెక్ ఒక రొట్టె ముక్క మీద పంది కొవ్వు పూసి, ఉల్లిపాయ చక్రాలు పరిచి, ఉప్పు చల్లుకున్నాడు. విమానాల షెడ్డు ముందు ఎండ పడే బల్ల మీద కూర్చుని ఒక చేత్తో రొట్టె పట్టుకున్నాడు. పక్కనే ఉన్న రేడియో మైకుని రెండో చేత్తో నొక్కి "ఐదు" అన్నాడు.

ఆ మాట పైన తుమ్మెదలో ఉన్న అతని భార్య స్వతావాకి చేరింది. తుమ్మెద అంటే ఒకప్పుడు చెక్ దేశపు మొరావియా పొలాల మీద మందు చల్లిన పాత విమానం. లావుపాటి ముక్కు, రెండూళ్ళకి వినబడే రొద. వయసు మీద పడ్డాక లిపోవ్కా ఫ్లయింగ్ క్లబ్బుకి వచ్చింది. ఇంజను లేని గ్లైడర్లను తాడు కట్టి ఆకాశంలోకి లాగి, అక్కడ వదిలేసి రావడం ఇప్పుడు దాని పని. నడిపేది స్వతావా. రోజూ మొదటిసారి పైకి లేవగానే ఆమె రేడియోలో "హీనెక్, ఎలా వినిపిస్తున్నాను?" అని అడుగుతుంది. పైలట్ల లెక్కలో ఒకటి అంటే గొణుగుడు, ఐదు అంటే పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టం. హీనెక్ ఐదు తప్ప ఇంకో మార్కు వేసిన రోజు లేదు.

ఆ రోజు ఆమె ఇంకో మాట కూడా అడిగింది. "బంగాళాదుంపలు పొయ్యి మీద పడేశావా?"

"ఐదు."

"ఐదు దుంపలు ఎవరి పంటి కిందకి వస్తాయయ్యా?" అని నవ్వుకుంటూ గ్లైడర్‌ని ద్రాక్షతోటల మీదుగా లాక్కుపోయింది.

మధ్యాహ్నం దిగి వచ్చేసరికి అతను గోడకి ఆనుకుని ఉన్నాడు. టోపీ కళ్ళ మీదికి జారి ఉంది. రొట్టె సగం మిగిలింది. కునుకు తీస్తున్నాడనుకుని "దుంపలేవీ?" అంటూ దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. గుండె ఆగి అప్పటికి ఎంతసేపయిందో డాక్టరు కూడా సరిగా చెప్పలేకపోయాడు.

హీనెక్ మరాదా అనే మనిషిని తయారుచేసింది వియన్నా. అతను వియన్నా వెళ్ళింది మాత్రం ముసలితనంలో ఒకే ఒక్కసారి, అదీ బూట్లు కొనుక్కోవడానికి.

అతని కుర్రతనంలో, కమ్యూనిస్టుల రోజుల్లో, ఆస్ట్రియా సరిహద్దు అంతా ముళ్ళకంచె. మనుషులు దాటలేరు గానీ ఆస్ట్రియా వాళ్ళ టీవీ బొమ్మ దాటుకుని వచ్చేది. దక్షిణ మొరావియాలో ఇంటింటి అటక మీదా, వీధిలోకి కనబడకుండా, వియన్నా వైపు తిరిగిన యాంటెనా ఒకటి ఉండేది. పట్నంలో టీవీ రిపేరు కొట్టులో పనిచేసే హీనెక్ సాయంత్రాలు ఆ అటకలెక్కేవాడు. అంత దూరం నుంచి వచ్చే బొమ్మ గంజిలా పలచగా ఉంటుంది. అటక మీంచి ముందుగదిలోకి దిగేసరికి కేబుల్ పొడుగునా ఇంకా పలచబడుతుంది. అందుకని ఏ కేబుల్‌లో తక్కువ పోతుందో కనిపెట్టడం అతనికి ప్రాణమైపోయింది. పోవడం అని కూడా అనేవాడు కాదు, తినడం అనేవాడు.

"మామూలు కేబుల్ వేస్తే సగం వియన్నాని అదే తినేస్తుందండీ" అని స్వతావా వాళ్ళ నాన్నకి చెప్పాడు, వాళ్ళింటి అటక మీద పాకుతూ. "తిండి తక్కువ తినేది వేద్దాం."

నిచ్చెన కింద నిలబడి కేబుల్ అందిస్తున్న స్వతావా, "మా ఇంట్లో తిండి తక్కువ తినేవాళ్ళకి మర్యాద లేదు" అంది.

"అయితే భోజనానికి ఉంటాను" అని పైనుంచి జవాబు వచ్చింది.

మరుసటి ఏడు కొత్త వైన్ పొంగే రోజుల్లో వాళ్ళ పెళ్ళయింది.

అప్పటికే ఆమె ఎగరడం నేర్చింది. ఒంటరిగా తొలిసారి ఎగిరి దిగినవాళ్ళని క్లబ్బులో అందరూ వరసగా పిర్రల మీద చరిచి, చేతిలో ముళ్ళ పూల గుత్తి పెడతారు. ఆ దెబ్బలు తిన్నాక చిన్నా పెద్దా తేడా ఉండదు, ఎవరినైనా 'నువ్వు' అనొచ్చు. ముళ్ళకంచె ఊడిపోయి, వియన్నా కోసం అటకలెక్కే అవసరం తీరిపోయాక హీనెక్ ఆ క్లబ్బు వర్క్‌షాపులోనే రేడియోల పనికి కుదిరాడు. ఎగరమంటే "ఒక ఇంట్లో ఒకరు పైనుంటే చాలు" అనేవాడు. ఎగరలేదు కాబట్టి దెబ్బలు తినలేదు. అందరినీ 'నువ్వు' అనే హక్కు మాత్రం వచ్చిన రోజే తీసేసుకున్నాడు.

అటకల కాలం పోయినా ఊళ్ళో ప్రతి కొట్టుగదిలోనూ టీవీ కేబుల్ చుట్టలు మిగిలిపోయాయి. చలికాలంలో సభ్యులంతా వచ్చి విమానాలు బాగుచేసుకునే రోజుల్లో ఎవరో ఒకరు అలాంటి చుట్టని భుజాన వేసుకుని వచ్చేవారు.

"ఇదిగో హీనెక్, లావుగా ఉంది, కొత్తది. ఊరికే ఇస్తున్నాను."

"తీసుకెళ్ళి టమాటా మొక్కలు కట్టుకో."

"కేబుల్ కేబులే కదయ్యా."

"టీవీ కేబుల్ ఒక సైజు గొట్టం. విమానం రేడియో ఇంకో సైజు గొట్టం. నోరు కలవని గొట్టాలు రెండూ జతచేస్తే నీళ్ళు ముందుకి పోవు, నీ మొహాన కొడతాయి. ఇక్కడా అంతే. రేడియో పంపింది యాంటెనాకి చేరకుండా వెనక్కి తంతుంది."

కేబుల్ విషయంలో అతనితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. గెలవాలని చూసినవాళ్ళు మెల్లగా మానేశారు.

ఆరేళ్ళ కిందటి వసంతంలో హీనెక్ తుమ్మెదలోని పాత కేబుల్ పీకేసి కొత్తది వేశాడు. జర్మనీ నుంచి తెప్పించింది. లోపలి రాగి తీగ చుట్టూ గట్టి ప్లాస్టిక్కు బదులు సబ్బు నురగలాంటి మెత్తటి ప్లాస్టిక్కు. గాలి బుడగలు ఎంత ఎక్కువుంటే తిండి అంత తక్కువ. తన జీవితంలో అంత తక్కువ తినే కేబుల్ చూడలేదన్నాడు. ఇంజను వెనక ఇనుప గోడ పక్కనుంచి దాన్ని దించి, మూల దగ్గర చక్కగా మడిచి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి, పొట్ట కింద యాంటెనాకి కలిపాడు.

"ఇప్పుడు నువ్వు తుమ్మితే వియన్నాలో వినబడుతుంది" అని భార్యతో అన్నాడు.

ఆ జులైలో ఎండలు మండిపోయాయి. ఒక మధ్యాహ్నం స్వతావా బరువైన రెండు సీట్ల గ్లైడర్‌ని లాగుతూంటే తుమ్మెద పైకి లేవడానికి మొరాయించింది. అద్దంలో వెనక్కి చూసింది. గ్లైడర్ రెక్కల మీద బ్రేకు పలకలు తెరుచుకుని ఉన్నాయి. లోపలున్నవాళ్ళు గమనించలేదు. ఆమె తోకని అటూ ఇటూ ఊపింది. 'నీ బ్రేకులు చూసుకో' అని దానికి అర్థం. వెనకవాళ్ళు చూసుకుని మూసేశారు. తుమ్మెద చెట్ల మీదుగా ఎక్కిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

దిగి వచ్చేసరికి క్లబ్బు అధ్యక్షుడు రదొమీర్ రన్‌వే పక్కనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళ కిందట స్వతావా పిర్రల మీద గట్టిగా చరిచినవాళ్ళలో అతనొకడు.

"కింద నుంచి అరిచి అరిచి గొంతు పోయింది. ఒక్క మాటకీ జవాబు లేదు" అన్నాడు.

"నాకేం వినబడలేదు."

"అదే నేనూ అంటున్నాను."

ఆ తర్వాత కూడా ఎండ ముదిరినప్పుడల్లా అదే వరస. పైకి ఎక్కుతూంటే రేడియో మూగబోయేది. ఖాళీగా కిందకి దిగుతూంటే మళ్ళీ పలికేది. నేల మీద హీనెక్ పరీక్ష చేసినప్పుడు కోయిలలా పాడేది. అతను రేడియో మార్చాడు, హెడ్‌ఫోన్లు మార్చాడు, మైకు మార్చాడు. అన్నీ మార్చాక కూడా అలాగే ఉంటే, మార్చనిది ఒకటే మిగిలిందని రదొమీర్ అన్నాడు. పైలట్.

ఆగస్టులో ఆఫీసు గదికి పిలిచి, "స్వతావా గారూ, మీరు చెవుల డాక్టరుకి చూపించుకుని రండి. అంతదాకా తుమ్మెద తాళం నా దగ్గరుంటుంది" అన్నాడు.

తాళం పోవడం కంటే ఆ 'మీరు' ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. దెబ్బలు తినకముందు రోజుకి తనని నెట్టేసినట్టయింది.

డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టి సన్నవీ లావువీ చప్పుళ్ళు వినిపించింది. "వయసుకి తగ్గట్టు ఉన్నాయి. సన్నటి శబ్దాలు కాస్త తగ్గాయి, అంతే" అంది. ఆ మాటలో ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకోవచ్చు. రదొమీర్ 'తగ్గాయి' అన్నది ఏరుకున్నాడు. స్వతావా ఇంటికి వచ్చి వంటింట్లో కుళాయి తిప్పి, కట్టి, తిప్పి, ఆ చప్పుడు ఎంతవరకు వినబడుతోందో చూసుకుంది. నిజంగా తన చెవులే అయితే తను ఇక ఎగరదు. ఎగరడం మానేసిన అరవై ఏళ్ళ ఆడది లిపోవ్కాలో ఏం చేస్తుందో ఆమెకి తెలుసు, పక్కింటివాళ్ళని చూస్తూనే ఉంది.

హీనెక్ మాత్రం రదొమీర్ మొహం మీదే చెప్పాడు. "దాని చెవులా? రెండు గోడల అవతల నేను సారా సీసా మూత తిప్పితే దానికి వినబడుతుంది. నువ్వు ఇంకేదైనా చెప్పు."

"అయితే లోపం ఎక్కడుందో నువ్వు చెప్పు."

హీనెక్ వెళ్ళి మళ్ళీ రేడియోనే విప్పి కూర్చున్నాడు. వర్క్‌షాపులో అతనితో పనిచేసే దాలిబోర్ ఒకటి రెండుసార్లు, "కేబుల్ కూడా చూద్దామా?" అని అడిగాడు.

"కేబుల్ నేను ఏరింది."

"అది తెలుసు. చూద్దామా అంటున్నాను."

"నేను ఏరింది అంటే చూశాననే అర్థం."

సెప్టెంబరులో వానలు పడ్డాయి, అడవిలో పుట్టగొడుగులు లేచాయి. ఎగిరే పని లేని స్వతావా బుట్టల కొద్దీ ఏరుకొచ్చి, పలచగా తరిగి, ఓవెన్‌లో సన్న సెగ మీద ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఆవిరి పోవడానికి ఓవెన్ తలుపు సందులో ఒక చెక్క గరిటె ఇరికించి ఉంచుతారు. ఒక ఆదివారం ఆమె ముక్కలు తిరగేయడానికి కిందకి వంగితే, ఆ సందులోంచి వేడి మోకాళ్ళకి తగిలింది.

"అచ్చు తుమ్మెదలోలాగే ఉంది" అంది, తనలో తను అనుకున్నట్టు.

బల్ల దగ్గర సూప్ తాగుతున్న హీనెక్ తలెత్తాడు. "ఏమిటి తుమ్మెదలోలాగ?"

"ఈ సెగ. ఎండాకాలం బరువు లాగుతూ ఎక్కేటప్పుడు ఆ ఇంజను గోడ దగ్గర మోకాళ్ళకి ఇలాగే కొడుతుంది. కిందకి దిగేటప్పుడు చల్లబడుతుంది. నీకేం తెలుసు, నువ్వు నేల మీద ఉంటావు."

హీనెక్ చెంచా కింద పెట్టాడు. సూప్ సగంలో వదిలేసి లేచి, కోటు కూడా వేసుకోకుండా సైకిలెక్కాడు.

తిరిగి వచ్చినప్పుడు అతని మెడలో ఆ జర్మన్ కేబుల్ ఉంది. మూల దగ్గరి వంపు చెదరకుండా, పట్టీ తియ్యకుండా, ఉన్నదున్నట్టు ఊడదీసి తెచ్చాడు. వెనకాల దాలిబోరూ రదొమీరూ ఉన్నారు. రదొమీర్‌ని ఆదివారం భోజనం దగ్గరనుంచి లేపుకొచ్చాడని అతని మెడకి వేలాడుతున్న తుండుగుడ్డ చూస్తేనే తెలిసింది.

"కూర్చో" అన్నాడు హీనెక్. "మీరు అనకుండా కూర్చో."

వంపు ఉన్న ముక్కని ఓవెన్‌లోకి, పుట్టగొడుగుల మధ్యకి తోశాడు. రెండు కొసలూ తలుపు సందులోంచి బయటికి తీసి మీటరుకి తగిలించాడు. లోపలి తీగా, దాని పైనున్న రాగి అల్లికా ఒకదాన్నొకటి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మీటరు సూది గెంతుతుంది. సూది కదలకుండా పడుకుని ఉంది.

"ఏం లేదుగా" అన్నాడు రదొమీర్.

"సెగ పెంచు, స్వతావా."

"పుట్టగొడుగులు మాడిపోతాయి."

"ఇంజను దగ్గర ఎంతుంటుందో నీ మోకాళ్ళకి తెలుసు. అంత పెట్టు."

ఆమె మోకాళ్ళు తలుపు దగ్గర పెట్టి, మీట తిప్పుతూ, "ఇంకొంచెం... ఇదిగో, ఇంత" అంది. నలుగురూ సూది చూస్తూ కూర్చున్నారు. గదిలో ముందు అడవి వాసన, తర్వాత మాడు వాసన వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం సాంతం ఇక్కడే పోయేలా ఉందని రదొమీర్ నోరు తెరిచేసరికి సూది ఒక్క గెంతు గెంతి అటు చివరికి వెళ్ళి నిలబడింది.

హీనెక్ కేబుల్ బయటికి లాగి, ఊదుకుంటూ, వంపు దగ్గర రొట్టె కత్తితో అడ్డంగా కోశాడు. నడిమధ్య ఉండాల్సిన తీగ నురగని నెట్టుకుంటూ పక్కకి జరిగి అల్లికని తాకుతోంది. ప్లం పండులో గింజ ఒక పక్కకి ఒరిగినట్టుంది.

"వేడెక్కితే నురగ మెత్తబడుతుంది. గట్టిగా మడిచి పట్టీ బిగించాను కాబట్టి తీగ పక్కకి జరుగుతుంది. చల్లారితే కొంచెం వెనక్కి వస్తుంది" అన్నాడు. ఎవరి మీదో తీర్పు చెబుతున్నంత ధీమాగా చెప్పాడు. "అటక మీద అయితే వందేళ్ళు ఉండేది. రేడియోకీ యాంటెనాకీ మధ్య ఉన్నది రెండు మీటర్లు. రెండు మీటర్లలో ఏ కేబులైనా ఎంత తింటుంది? నేను వియన్నా కోసం కేబుల్ కొన్నాను. కొనాల్సింది తుమ్మెదకి."

రదొమీర్ ఆ కోసిన ముక్కని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. "కేబుల్ మార్చిన రోజు నుంచీ నువ్వు ఎగురు, స్వతావా. కాకపోతే లేవగానే రోజూ ఒకసారి రేడియో పరీక్ష చెయ్యి. నా మనసు కుదుటపడేదాకా."

"మరి నా పుట్టగొడుగులో?"

"మా ఆవిడని అడిగి పంపిస్తాను."

"మీ ఆవిడ ఏరినవి ముందు నువ్వు తిని చూపించు" అంది స్వతావా.

తర్వాత వేసిన కేబుల్ సన్నగా, గోధుమ రంగులో ఉంది. లోపల ఒంటి తీగ కాదు, వెండి పూత పూసిన సన్నటి పోగులు కలిపి పేనింది. ఒంటి తీగ ఇంజను వణుకుకి ఏదో ఒక రోజు విరుగుతుంది, పోగులు ఆ వణుకుని పంచుకుంటాయి. వాటి చుట్టూ నురగకి బదులు వేడికి లొంగని టెఫ్లాన్, దాని మీద ఒకటి కాదు, రెండు వరసల అల్లిక. ఇంజను రొదలో పుట్టే గరగరని లోపలికి రానివ్వదు. హీనెక్ దాన్ని గోడకి దూరంగా, పెద్ద వంపు తిప్పి, పట్టీలు వదులుగా వేసి నడిపించాడు.

"ఇది ఆ జర్మన్‌దాని కంటే ఎక్కువ తింటుంది కదా?" అని దాలిబోర్ కావాలనే గిల్లాడు.

"తిననీ. పని చేసేవాడికి ఆకలేస్తుంది."

అప్పట్నించీ వర్క్‌షాపుకి ఏ కేబుల్ వచ్చినా, ఎవరు తెచ్చినా, మొదట కొస వలిచి లోపలి ప్లాస్టిక్కుకి తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడి మొన ఆనించేవాడు. కరిగితే టమాటా మొక్కలకి. కరక్కపోతే లోపలికి. పై తొడుగు కొంచెం కాల్చి ఆ పొగ వాసన కూడా చూసేవాడు. విమానంలో ఏదైనా అంటుకుంటే ఆ పొగ పోయేది తన పెళ్ళాం ముక్కులోకేనని, వాసన చూసే హక్కు తనకుందని చెప్పేవాడు.

రదొమీర్ మనసు ఆ అక్టోబరుకే కుదుటపడింది. ఇక పరీక్ష అక్కర్లేదన్నాడు. కానీ స్వతావా అడగడం మానలేదు, హీనెక్ చెప్పడం మానలేదు. మైదానం పనులకి దాలిబోర్ దగ్గర ఇంకో రేడియో ఉంది. షెడ్డు ముందు బల్ల మీదిది వాళ్ళిద్దరిదీ. మొదట్లో అతను ఐదుతో ఆగేవాడు కాదు. "ఐదు, కానీ నీకు జలుబు చేస్తోంది." "ఐదు, వచ్చేటప్పుడు ద్రాక్షతోటలో ఎవడు దొంగతనం చేస్తున్నాడో చూసి రా." పోను పోను మాటలు తగ్గి ఉత్త ఐదు మిగిలింది. ఆమె వాన వస్తోందన్నా ఐదు, ఆకలేస్తోందన్నా ఐదు. ముసలివాడికి మొండితనం పెరుగుతోందని ఆమె అనుకుంది. ఇంట్లో కూడా భోజనాల బల్ల దగ్గర తన చోటు మార్చుకుని ఆమెకి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "నీ మొహం చూస్తూ తింటే ఉప్పు వేసుకోవక్కర్లేదు" అన్నాడు.

అతన్ని పాతిపెట్టిన రోజు తుమ్మెద శ్మశానం మీదుగా తక్కువ ఎత్తులో వెళ్ళింది. నడిపింది స్వతావానే. వేరేవాళ్ళు నడుపుతామన్నా ఒప్పుకోలేదు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ గ్లైడర్లు లాగడం మొదలుపెట్టింది. మొదటి పొద్దున పైకి లేవగానే అలవాటుగా "ఎలా వినిపిస్తున్నాను?" అని అడిగింది. మైదానం అవతలి చివరినుంచి దాలిబోర్ గొంతు "ఐదు, స్వతావా" అని వచ్చింది. స్పష్టంగానే వచ్చింది. ఆ కేబుల్‌కి ఇంకా చాలా ఏళ్ళు ఉన్నాయి.

జూన్ చివర్లో ఆమె వర్క్‌షాపు సర్దడానికి వెళ్ళింది. సోల్డరింగ్ ఐరన్ దాలిబోర్‌కి ఇచ్చేసింది. బల్ల మీది రేడియో ఇంటికి తీసుకెళ్దామనుకుంది. వంటింట్లో పెట్టుకుంటే, ఎగరని రోజు మైదానం మాటలు వింటూ ఉండొచ్చు. పనిచేస్తోందో లేదోనని మీట తిప్పింది. దీపం వెలిగింది. బయట రన్‌వే మీద ఎవరో మాట్లాడుతున్నట్టున్నారు, గొంతు ఎంత బలంగా అందుతోందో చూపించే సూది లేచి లేచి పడుతోంది. చప్పుడు మాత్రం లేదు. చప్పుడు పెంచే బొత్తాన్ని చివరిదాకా తిప్పింది.

"పాడైందా ఇది?"

దాలిబోర్ చేతిలో ఐరన్ పక్కన పెట్టి వచ్చి, రేడియోని వెనక్కి తిప్పి చూపించాడు. స్పీకరుకి వెళ్ళే తీగలు రెండూ ఊడదీసి, కొసలకి విడివిడిగా, శుభ్రంగా టేపు చుట్టి ఉంది.

"రెండేళ్ళయింది" అన్నాడు. "నీ గొంతు మాటలుగా వినబడటం లేదన్నాడు. ఉత్త గరగర, అది చెవిలో పొడుస్తోందన్నాడు. డాక్టరుకి చూపించుకోమంటే, స్వతావా వెళ్ళింది, నాకంత ధైర్యం లేదన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"మరి రోజూ ఐదు వేసేవాడుగా?"

"సూది చూసి వేసేవాడు."